టార్చి పైకి తిప్పండి

పొద్దున్న ఏడు కూడా కాలేదు. కళింగపట్నం దాటి తీరం వెంట ఉత్తరంగా వెళ్తే తగిలే మత్స్యకార పల్లెల్లో ఇదొకటి. జూలై నెల. వేట నిషేధం ముగిసి పడవలు మళ్లీ కడలిలోకి వెళ్లొస్తున్నాయి. మగవాళ్లు వలలు దులుపుతున్నారు. ఆడవాళ్లు ఇసుకలోనే చేపల్ని పాట పెట్టి గంపలకెత్తుకుంటున్నారు. మీ పక్కనే ఒక పెద్దావిడ పాట పాడుతోంది. వేళ్లు చూపించి ధర పెంచుతోంది, అవతలివాడిని కసురుతోంది, మధ్యలో మనవడిని కేకేస్తోంది. ఇంతసేపూ ఆమె పెదవుల మధ్య వేలెడు చుట్ట కదలకుండా ఉంది. దాని కొసన నిప్పు లేదు, బూడిదా లేదు. ఆరిపోయిన చుట్టను ఊరికే పట్టుకుందనుకుంటాం. కాస్త నిలబడి చూడండి. ఆ ఆరిన కొస నుంచే సన్నగా పొగ వస్తోంది. నిప్పు లోపలుంది.

దీన్ని అడ్డపొగ అంటారు. చుట్ట వెలిగించి, రెండు దమ్ములు మామూలుగా లాగి, బాగా అంటుకుందని తేలగానే తిప్పి, కాలే కొసను నోట్లో పెట్టేసుకుంటారు. పెదవులు బిగిస్తారు. పొగ, వేడి తిన్నగా అంగిలికి తగులుతాయి. బూడిద కొంత ఉమ్మేస్తారు, కొంత లోపలికే పోతుంది. ఎందుకిలా అని అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో జవాబు. సముద్రపు గాలికి ఆరదు. ఎక్కువసేపు వస్తుంది. చంకలో బిడ్డ మీద నిప్పురవ్వ పడదు. మామగారి ఎదుట బయటపడదు. ఇవన్నీ నిజమే కావచ్చు. నాకు మాత్రం అసలు కారణం తల్లి కాల్చింది, అత్త కాల్చింది, కాబట్టి తానూ కాలుస్తోంది అన్నదే అనిపిస్తుంది. ఈ అలవాటు ఇక్కడ మగవాళ్లకంటే ఆడవాళ్లలోనే ఎక్కువ. తెల్లారుజామున లేచి, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే మనిషికి ఆ చుట్ట ఆకలికి అడ్డం, అలసటకు తోడు. అది తెలియకుండా "మానెయ్యి" అన్న ఒక్క మాట అనేసి వెళ్లిపోయేవాళ్లను ఈ ఊరు చాలామందిని చూసింది.

తొమ్మిదింటికి బడి వరండాలోకి రండి. ఆదివారం, బడి లేదు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు గోడకు ఆనించి వేశారు, కూర్చున్నవాళ్లు తల వెనక్కి వాల్చడానికి. బెంచీ మీద గ్లవ్స్ పెట్టె, గాజుగుడ్డ ముక్కలు, నోటి అద్దాలు, ఒక రిజిస్టరు. దంత వైద్యురాలికి ముప్పై ఐదేళ్లుంటాయి. ఆమెతో ఇద్దరు హౌస్ సర్జన్లు, ఊరి ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త. టార్చి మీ చేతికిచ్చారు. పట్టుకుని నిలబడటమే మీ పని. అయితే వెలుగు ఎటు వేయాలో డాక్టరు మొదటే చెప్పేసింది. ఆమె ఏ నోటినైనా ఒకే వరసలో చూస్తుంది. పెదవుల పైభాగం, తర్వాత పెదవులు మడిచి లోపలి వైపు, కుడి దవడ, ఎడమ దవడ, చిగుళ్లు. నాలుకను గాజుగుడ్డతో పట్టుకుని ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు లాగి అంచులు. నాలుక పైకెత్తించి దాని అడుగు. ఆఖరున తల వెనక్కి వాల్పించి అంగిలి. పైకట్టు పళ్లసెట్టు ఉంటే తీయించాల్సిందే. తర్వాత గ్లవ్స్ వేళ్లతో మెడకు రెండు వైపులా తడిమి బిళ్లలేమైనా తగులుతున్నాయా అని చూస్తుంది. మొత్తం కలిపి రెండు మూడు నిమిషాలు.

"ఆఖరుది వదిలేస్తే మనం ఇక్కడికి వచ్చి లాభం లేదు," అంటుంది హౌస్ సర్జన్లతో. దేశంలో చాలాచోట్ల నోటి క్యాన్సర్ అంటే దవడ లోపల, చిగురు పక్కన, నాలుక అంచున. పొగాకు, వక్క ఎక్కడ నొక్కిపెట్టుకుంటే అక్కడ. గట్టి అంగిలి మీద రావడం అరుదు. అందుకే గోడలకు అంటించే బొమ్మల్లో అంగిలి వైపు చూపు తక్కువ. ఈ తీరంలో లెక్క వేరు. 1945లోనే బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన వి.ఆర్. ఖనోల్కర్, సూర్యబాయి కలిసి, మన దేశపు అలవాట్ల వల్ల వచ్చే క్యాన్సర్ల గురించి రాసిన వ్యాసంలో అడ్డపొగ వల్ల వచ్చే అంగిలి క్యాన్సర్‌నూ చేర్చారు. ఆ తర్వాత టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని దంత పరిశోధన విభాగం వాళ్లు, డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ పిండ్‌బోర్గ్‌తో కలిసి శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లూ తిరిగారు. 10,169 మంది నోళ్లు తెరిపించి చూశారు. నూటికి 40 మందికి పైగా అడ్డపొగ కాల్చేవాళ్లే. 1971లో అచ్చయిన ఆ అధ్యయనంలో అంగిలి మీద ఏయే మార్పులొస్తాయో విడదీసి చెప్పారు. ఈ రోజు ఈ వరండాలో డాక్టరు హౌస్ సర్జన్లకు చూపిస్తున్న పాఠం ఆ ఇళ్ల గడపల్లో పుట్టిందే.

మొదట వచ్చినతను నలభై ఐదేళ్ల వేటగాడు. చుట్ట కాల్చడు, ఖైనీ పెడతాడు. కింది పెదవి లాగగానే చిగురుకూ పెదవికీ మధ్య గాడిలో ఒక తెల్లటి మచ్చ. అన్నం గంజి ఎండి అంటుకుపోయినట్టుంది. డాక్టరు గాజుగుడ్డతో గట్టిగా తుడిచింది. బూజు పూత అయితే ఊడివస్తుంది. ఇది రాలేదు. పుచ్చు పన్ను రాపిడి వల్లా కాదు, అక్కడ మొనదేరిన పన్నేదీ లేదు. మరే కారణమూ చూపలేని ఇలాంటి మచ్చకే ల్యూకోప్లేకియా అని పేరు. ఇలాంటివి పదింటిలో సుమారు ఒకటి ఏళ్ల తరబడి నడిచి క్యాన్సర్‌గా మారుతుంది. మిగతావి అలాగే ఉండిపోతాయి, లేదా ఖైనీ మానేస్తే పలచబడతాయి. ఏది మారుతుందో కంటితో చెప్పలేం. అందుకే ముక్క తీసి చూడాలి, ఆ తర్వాత కూడా కనిపెట్టుకుని ఉండాలి. అతని చేతికి చీటీ రాసిచ్చారు. "నొప్పేటీ నేదు కదమ్మా," అంటూ జేబులో పెట్టుకున్నాడు.

తర్వాతి కుర్రాడికి ఇరవై రెండేళ్లు. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టమంటే రెండే పట్టాయి. కూరలో కారం తగిలితే మండుతుందట. దవడ లోపల పాలిపోయి, వేలితో తడిమితే తాళ్లలా గట్టిగా తగులుతోంది. వక్కపొడి పొట్లాల పని ఇది, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. ఒక్క వక్క చాలు, పొగాకు లేకపోయినా సరే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వక్కను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. బిగిసిన నోరు మళ్లీ మునుపటిలా సాగదు. ఇప్పుడు మానేస్తే ఇంకా బిగియకుండా ఆగే అవకాశముంది. కుర్రాడు తల దించుకుని విన్నాడు. డాక్టరు గొంతు పెంచలేదు. నోరు తెరిచే వ్యాయామం చేసి చూపించింది.

పదకొండుకి పాట పాడిన పెద్దావిడ వచ్చింది. వచ్చిందనడం కంటే తీసుకొచ్చారనాలి. ఆశా కార్యకర్త ఆమెకు వరసకు కోడలు, చెయ్యి వదలకుండా పట్టుకుంది.

"నాకేటి రోగం నేదే. నొప్పి నేదు, మంట నేదు. మిరపకాయ కొరుక్కుని గంజన్నం తింతన్నాను. ఎందుకే నన్ను లాక్కొచ్చినావు?"

"ఒక్క నిమిసం అత్తా. నోరు తెరిసి మూసీడమే."

ఆమె చుట్టను ఆర్పి, చీర కుచ్చెళ్ల దగ్గర దోపుకుని కూర్చుంది. వరస ప్రకారం పెదవులు, దవడలు, నాలుక. ఏమీ లేవు. "ఇప్పుడు తల గోడకు ఆనించమ్మా, పైకి చూడు." మీ టార్చి పైకి తిప్పండి.

అంగిలి అంచుల వెంట నల్లటి గోధుమరంగు. పొగ తాగేవాళ్ల నోట్లో రంగు ఇలా దట్టంగా పేరుకుంటుంది. మధ్యలో విశాలంగా తెలుపు, ముడతలు. ఆ తెలుపు మీద రెండు మూడు మిల్లీమీటర్ల బుడిపెలు, ఒక్కోదాని నడుమ సూదిమొనంత ఎర్ర చుక్క. అంగిలి చర్మం కింద చిన్న లాలాజల గ్రంథులు వందలుంటాయి. వేడికి వాపెక్కిన వాటి నాళాల నోళ్లే ఆ ఎర్ర చుక్కలు. మామూలుగా సిగరెట్టు, పైపు కాల్చేవాళ్ల అంగిలి మీద కూడా దాదాపు ఇలాంటివే వస్తాయి. కానీ వాటిని క్యాన్సర్ ముందు దశగా లెక్కించరు. కాలే కొస లోపల పెట్టుకునేవాళ్ల అంగిలిని మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రపు నిపుణులు ఆ జాబితాలోనే ఉంచారు. చూడటానికి రెండూ దగ్గరే. అందుకే చుట్ట కాలుస్తావా అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకుంటే చాలదు. నిప్పు ఎటు పెడతావని అడగాలి.

డాక్టరు మాట్లాడటం ఆపేసింది. నోటి అద్దాన్ని కొంచెం కుడికి జరిపింది. మీరూ వెలుగు అటు జరపండి. అక్కడ నలుపూ లేదు, తెలుపూ లేదు. రంగు పోయిన ఒక జాగా, దాని పక్కనే అర సెంటీమీటరు మేర ఎర్రగా, మెత్తని నునుపుతో ఒక మచ్చ. పుండు కాదు. రక్తం లేదు. అంత పెద్ద తెలుపు మధ్య ఆ చిన్న ఎరుపును కన్ను దాటేసి వెళ్లిపోతుంది. హౌస్ సర్జన్లిద్దరూ తెల్లమచ్చల కొలతలు రాసుకుంటున్నారు. "అది కాదు, ఇది," అని అద్దం కొసతో చూపించింది.

జనానికి తెల్లమచ్చ అంటే భయం. ఎరుపును వేడి చేసిందనో, అన్నం కాలిందనో సరిపెట్టుకుంటారు. నిజానికి భయపడాల్సింది ఎరుపుకే. పైపొర పలచబడి, కింది రక్తనాళాల రంగు పైకి కనిపిస్తోందంటే, అక్కడ కణాలు తమ పద్ధతిలో పెరగడం మానేశాయేమోనన్న అనుమానం. ఎరిత్రోప్లేకియా అనే ఈ ఎర్రమచ్చల్లో మూడో వంతు దాకా క్యాన్సర్‌గా మారుతాయి. బయాప్సీ చేసినరోజే లోపల తీవ్రమైన మార్పులో, క్యాన్సరో బయటపడటం వీటిలో మామూలు. రెండు వారాలు ఆగాక కూడా తగ్గని ఎర్రమచ్చ, తెల్లమచ్చ, పుండు ఏదైనా చూపించుకోవాలని చెప్పేది ఇందుకే.

వేలితో మచ్చ చుట్టూ నొక్కి చూసింది. అంచు గట్టిపడలేదు. మెడలో బిళ్లలు లేవు. డాక్టరు ముఖంలో బిగువు కాస్త సడలింది. తర్వాత చేసిన పని నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది. ఫోన్‌తో అంగిలి ఫొటో తీసి, పెద్దది చేసి, పెద్దావిడ చేతికిచ్చింది.

ఆవిడ ఫోన్‌ను దూరంగా పెట్టి, దగ్గరకు తెచ్చి చూసింది. "ఇది నా నోరేటి?"

"నీదేనమ్మా. ఇదిగో, ఇది చుట్ట వేడికి తెల్లబడింది. ఈ ఎర్రది చూడు. ఇది ఏంటో ముక్క తీసి చూస్తే గానీ తెలీదు. ఇవాళ ఇది చిన్నది. చిన్నగా ఉన్నప్పుడు తీసేస్తే అంగిలి నిలుస్తుంది."

"నిలవకపోతే?"

ఆశా కార్యకర్త మాట మార్చబోయింది. డాక్టరు ఆపింది. "ఎముక దాకా పోతే అంగిలి కొంత కోసేయాలి. అప్పుడు తిన్నది ముక్కులోకి వస్తుంది, మాట స్పష్టంగా రాదు. అందుకనే ఇప్పుడే రమ్మంటున్నాను." ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వినే మనిషి దాన్ని మోయగలదని నమ్మి చెప్పింది. అరవై ఏళ్లు కడలితో, బేరంతో బతికిన మనిషికి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి కదా.

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు విప్పుకున్నప్పుడు ఏఎన్‌ఎం అడిగింది, "డాక్టరు రాని రోజుల్లో నేను చూస్తే పనికొస్తుందా మేడమ్?" ఆమె అడగడానికి కారణముంది. 30 ఏళ్లు దాటిన అందరికీ నోటి క్యాన్సర్, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష చేయడం జాతీయ కార్యక్రమంలో ఆమె విధుల్లో ఒకటి. జవాబు కేరళలో ఉంది. 1996లో తిరువనంతపురం జిల్లాలో 13 పంచాయతీలు తీసుకున్నారు. ఏడింటిలో, వైద్యం చదవని పట్టభద్రులకు శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపి నోళ్లు చూపించారు. ఆరింటిలో మామూలుగా వదిలేశారు. మూడేళ్లకోసారి చొప్పున మూడు విడతలు. 2005లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. జనాభా మొత్తాన్ని కలిపి చూస్తే తేడా గట్టిగా తేలలేదు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో మాత్రం నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. మిషన్లు లేవు, రంగు మందులు లేవు. వెలుతురు, కన్ను, శిక్షణ. "అయితే నేర్పండి," అంది ఏఎన్‌ఎం. తిండయ్యాక టార్చి మీ దగ్గర్నుంచి ఆమె తీసుకుంది. సాయంత్రం దాకా ప్రతి నోరూ ముందు ఆమె చూసి చెప్పాలి, తర్వాతే డాక్టరు. మొదటి రెండు నోళ్లలో అంగిలి మరిచిపోయింది. మూడో నోటి నుంచి మరవలేదు.

బుధవారం. ఊరి నుంచి శ్రీకాకుళానికి బస్సు, అక్కడినుంచి ఆసుపత్రికి ఆటో. పెద్దావిడ ఒక రోజు బేరం వదులుకుని వచ్చింది. ఆశా కార్యకర్త తోడు రాకపోతే వచ్చేది కాదు. అందరూ టార్చి వెలుగు గురించే మాట్లాడతారు గానీ, ఈ రెండో ప్రయాణం దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. చీటీ రాసివ్వడం సులువు. రోజు కూలి, బస్సు ఛార్జీ, తోడు మనిషి, ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయం, ఇన్నిటిని దాటి రావాలి. ముక్క తీయడం వల్ల క్యాన్సర్ పాకదని ఆశా బస్సులో ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో.

కుర్చీలో తల వాల్చింది. అంగిలికి మత్తు సూది నొప్పిగానే ఉంటుంది, అక్కడ చర్మం ఎముకకు అతుక్కుని ఉంటుంది కాబట్టి మందు ఎక్కడానికి చోటు తక్కువ. ఆవిడ కుర్చీ చేతిని పట్టుకుంది, అరవలేదు. గుండ్రటి పంచ్‌తో ఎర్రమచ్చలోంచి, దాని అంచు కూడా కలిసేలా చిన్న ముక్క తీశారు. తెల్లటి భాగంలోంచి ఇంకోటి. ఫార్మలిన్ సీసాల్లో వేసి, ఏది ఎక్కడిదో వేర్వేరుగా రాశారు. గాజుగుడ్డ అదిమిపెట్టారు. పావుగంటలో అయిపోయింది.

పది రోజుల తర్వాత రిపోర్టు. తెల్లభాగంలో పైపొర మందం పెరిగింది, అంతే. ఎర్రభాగంలో ఒక మోస్తరు డిస్‌ప్లేసియా. అంటే చర్మపు అడుగు వరసలో ఉండాల్సిన తీరు చెడి, గజిబిజి కణాలు పైపొర మందంలో సగం దాకా ఎక్కివచ్చాయి. అడుగు పొరను చీల్చుకుని కిందికి దిగలేదు. దిగితే దాని పేరు క్యాన్సర్. "దిగలేదమ్మా," అని డాక్టరు రెండుసార్లు చెప్పింది. మచ్చను చుట్టూ కొంచెం మంచి చర్మంతో సహా తీసేయడానికి తేదీ ఇచ్చారు. తీశాక మూడు నెలలకోసారి చూపించుకోవాలి. తీసిన చోటే కాక పక్కన కూడా రావచ్చు, ఎందుకంటే వేడి తగిలింది అంగిలి మొత్తానికి.

"సుట్ట?"

"మానాలమ్మా. నిప్పు బయట పెట్టి కాల్చినా లాభం లేదు." 1986లో శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడకందార్ల మీద జరిగిన పని అచ్చయింది. పదే పదే వెళ్లి, మనిషి మనిషితో మాట్లాడితే మానేసేవాళ్లు, తగ్గించేవాళ్లు పెరిగారు. కొత్త మచ్చలు తగ్గాయి. డాక్టరు దాన్ని ఇంకోలా చెప్పింది. "ఒక్కసారిగా రాకపోవచ్చు. నీ కోడలు రోజూ వచ్చి అడుగుతుంది. అడిగినప్పుడు అబద్ధం చెప్పకు." పెద్దావిడ ఆలోచించి, ఆపరేషన్ తేదీ తన మనవరాలి పెళ్లిచూపుల తర్వాతకు మార్చమంది. నాలుగు రోజులు జరిపారు.

ఆసుపత్రి వరండాలో ఆశా కార్యకర్త రిజిస్టరు తీసింది. ఆదివారం చీటీలు తీసుకున్నవాళ్లలో ఇంకా రానివాళ్ల పేర్ల పక్కన పెన్సిల్ గుర్తులున్నాయి. వక్కపొడి కుర్రాడు వచ్చి వెళ్లాడు. ఖైనీ వేటగాడు రాలేదు. ఆగస్టు వచ్చేసింది, పల్లెలో మగవాళ్లు చాలామంది గుజరాత్‌లోని వెరావల్‌కు బోట్ల మీద పనికి వెళ్లిపోయారు. అతనూ వెళ్లాడు. మళ్లీ ఎండాకాలానికి గానీ రాడు. పెదవి వెనక ఆ తెల్లమచ్చ కూడా అతనితోనే అరేబియా కడలికి పోయింది. ఆశా ఫోన్ చేసింది. మూడోసారికి ఎత్తాడు. బోటు ఇంజిన్ చప్పుడులో ఏమీ వినపడక గట్టిగా అరుస్తోంది.

"బావా, ఆ మచ్చ ఎలాగుంది? పెద్దదైనాదా? ఎర్రగా మారినాదా? ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు. డాక్టరమ్మ నా పక్కనే ఉన్నాది."

కాసేపటికి ఫొటో వచ్చింది. చీకట్లో తీశాడు, పళ్లు తప్ప ఏమీ కనపడటం లేదు. డాక్టరు తల అడ్డంగా ఊపింది. ఆశా మళ్లీ ఫోన్ కలిపింది.

"ఇలాక్కాదు బావా. ఎండలోకొచ్చి నిలబడు. ఇంకొకడిని పట్టుకోమను ఫోను. నువ్వు పెదవిని రెండు సేతుల్తో కిందికి లాగు, ఇంకా కిందికి."